పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: బరంపురం గిరిగారు, అనంతపురం రెడ్డిగారు, మధ్యన చీలిన కాంగ్రెస్

గత సంచికలో వి.వి. గిరిగారి బరంపురం రోజుల గురించి ప్రచురించిన వ్యాసం చివర 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ తర్వాత అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వ్యాసాన్ని వదిలి ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ తగాదాకూ, పార్టీలో ఇద్దరు పెద్దలు రచ్చకెక్కినప్పుడు తలెత్తే చిక్కులకూ కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా గిరి రోడ్డులో సాయంత్రం టీ దగ్గర చేరే పెద్దవాళ్లలో ఈ విషయమై రెండు పక్షాలున్నాయి. ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థిని తానే ఓడించి గిరిగారిని గెలిపించిందని ఒక పక్షం వాదిస్తుంది. కాదు, ద్వితీయ ప్రాధాన్య ఓట్ల పుణ్యమా అని ఆయన గట్టెక్కారని రెండో పక్షం అంటుంది. ఏది నిజం?
– రైల్వేలో పనిచేసి విరమించిన పాఠకుడు, బరంపురం

జవాబు: మొదటి పక్షం చెప్పేది చాలావరకు నిజం. రెండో పక్షం వాదన ఎంతో ప్రచారంలో ఉన్నదే అయినా, లెక్కలు దగ్గర పెట్టుకుని చూస్తే నిలవదు. (ఈ ఎన్నికలో ఎంపీలు, ఎమ్మెల్యేలు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా ఒకటి, రెండు అని తమ ప్రాధాన్యక్రమం రాస్తారు. రెండో స్థానం ఇచ్చినదే ద్వితీయ ప్రాధాన్య ఓటు.)

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. తర్వాతి రాష్ట్రపతి ఎవరన్న ప్రశ్నపైనే కాంగ్రెస్‌లో అప్పటికే రగులుతున్న పోరు బయటపడింది. ఒకవైపు ప్రధాని ఇందిర, మరోవైపు కామరాజ్, పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్ వంటి పెద్దలు ఉన్నారు. వీరినే పత్రికలు సిండికేట్ అనేవి. జులైలో బెంగళూరులో సమావేశమైన పార్లమెంటరీ బోర్డులో ఇందిర జగ్జీవన్ రామ్ పేరు ప్రతిపాదించగా, మెజారిటీ సభ్యులు నీలం సంజీవరెడ్డిగారి పేరు ఖాయం చేశారు. తన పార్టీ బోర్డులోనే ప్రధానమంత్రి మాట నెగ్గలేదు. ఆ అవమానాన్ని ఆమె మౌనంగా దిగమింగలేదు. జులై 16న మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖను తీసేసుకున్నారు. 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు తెచ్చారు. ఆ ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో సంతకం చేసినది గిరిగారే, మర్నాడే పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలో నిలిచినదీ ఆయనే. (1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందన్న కారణంతో కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి చేతికే పదిహేనేళ్ల తర్వాత బ్యాంకుల ఆర్డినెన్సు సంతకానికి రావడం ఈ కథలో మాకు నచ్చిన ఘట్టం.)

సంజీవరెడ్డిగారి నామినేషన్ పత్రంపై సంతకం చేసిన వారిలో ఇందిర కూడా ఉన్నారన్నది మరిచిపోకూడదు. సంతకం చేసిన చేత్తోనే అభ్యర్థిని బహిరంగంగా కాదనడం అంత తేలిక కాదు, అందుకు ఒక సాకు కావాలి. ఆ సాకును నిజలింగప్ప స్వయంగా అందించారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ కలిసి సి.డి. దేశముఖ్‌ను నిలబెట్టాయి. ఆ పార్టీల ద్వితీయ ప్రాధాన్య ఓట్లు రెడ్డిగారికి వేయించమని నిజలింగప్ప వాటి నాయకులతో మాట్లాడారు. బోర్డు నిర్ణయం చేతిలో ఉన్న అధ్యక్షుడు, సొంత పార్టీ ఓట్లను కూడగట్టుకోకముందే బయటివారి గుమ్మం తొక్కడం మా దృష్టిలో ఆ పోరు మొత్తంలోకీ పెద్ద పొరపాటు. జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ మంతనాలపై సంజాయిషీ అడుగుతూ అధ్యక్షుడికి లేఖ రాశారు. పార్టీ అభ్యర్థికే ఓటు వేయమని సభ్యులకు ఆదేశం ఇవ్వడానికి ఇందిర ఒప్పుకోలేదు. ‘అంతరాత్మ ప్రబోధం’ అన్న మాట అప్పుడే మన పత్రికల్లోకి వచ్చి స్థిరపడింది. అంతరాత్మ ఆగస్టులో మేల్కొన్నదంటే, జులైలో అది ఎక్కడ నిద్రపోయిందని ఎవరైనా అడిగితే ఆమె వర్గం దగ్గర సూటి జవాబు ఉండేది కాదు.

ఇక లెక్కలు. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు జరిగాయి. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337, గెలుపునకు కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌కు 1,12,769 వచ్చాయి, మిగిలిన అభ్యర్థులకు వచ్చినవి నామమాత్రం. ఎవరికీ కోటా దక్కకపోవడంతో కింది నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ వారి ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచారు. చివరకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 తేలాయి. ఈ రెండు వరుసల మధ్య తేడా చూడండి. పంపకంలో గిరిగారికి కలిసినవి 18,562, రెడ్డిగారికి కలిసినవి 91,879. అంటే పంచిన ఓట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా రెడ్డిగారికే వెళ్లాయి. నిజలింగప్ప మంతనాలు వృథా కాలేదు, అడిగినవి దాదాపు అడిగినట్టే వచ్చాయి. అయినా చాలలేదు, ఎందుకంటే మొదటి ప్రాధాన్యంలోనే దాదాపు 88 వేల వెనుకబాటు ఉంది. ఆ వెనుకబాటుకు కారణం పార్టీ అభ్యర్థిని కాదన్న కాంగ్రెస్ ఓట్లు, వాటికి తోడు కమ్యూనిస్టులు, డి.ఎం.కె. వంటి పక్షాలు గిరిగారికిచ్చిన మద్దతు. కనుక ద్వితీయ ప్రాధాన్య ఓట్లు గిరిగారిని గట్టెక్కించాయనడం కంటే, రెడ్డిగారిని గట్టు దాకా తెచ్చి వదిలేశాయనడం సరైన మాట.

మరొక విషయం కూడా మీ మిత్రులకు చెప్పండి. గిరిగారు మనవారు కదా అని ఒడిశా అసెంబ్లీ గంపగుత్తగా ఆయన పక్షాన నిలిచి ఉంటుందని మన వైపు కొందరు అనుకుంటారు. అప్పుడు భువనేశ్వర్‌లో అధికారంలో ఉన్నది ఆర్.ఎన్. సింగ్ దేవ్ నాయకత్వంలోని స్వతంత్ర పార్టీ – జన కాంగ్రెస్ ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ అభ్యర్థి దేశముఖ్. పైగా ఆ జన కాంగ్రెస్ కూడా ఒడిశా కాంగ్రెస్ పెద్దల కీచులాటలోంచి పుట్టినదే: హరేకృష్ణ మహతాబ్ 1966లో కాంగ్రెస్‌ను వీడి దాన్ని పెట్టారు, మరుసటి ఏడాది కాంగ్రెస్ అధికారం పోగొట్టుకుంది. ఢిల్లీకి 1969లో పట్టిన జబ్బు ఒడిశాకు మూడేళ్ల ముందే పట్టింది.

ప్రశ్న: పార్టీ అభ్యర్థికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఆ కాంగ్రెస్ సభ్యుల పదవులు ఎందుకు పోలేదు? ఈ రోజుల్లో అలా జరిగితే ఏమవుతుంది?
– న్యాయవాది, పర్లాకిమిడి

జవాబు: మీరు న్యాయవాది కనుక చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాము. ఫిరాయింపుల నిషేధం 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలుగా వచ్చింది 1985లో. 1969లో అటువంటిదేదీ లేదు. ఉన్నా పనిచేసేది కాదు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం, పైగా అది సభలో వేసే ఓటు కాదు, కాబట్టి నేటికీ ఆ ఎన్నికలో విప్, అంటే ఫలానా విధంగా ఓటు వేయమని పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం, చెల్లదు. పార్టీ చేయగలిగినది క్రమశిక్షణ చర్య ఒక్కటే. ఆ పని సిండికేట్ చేసింది కూడా. 1969 నవంబరు 12న ఇందిరనే పార్టీ నుంచి బహిష్కరించింది. బహిష్కృతురాలి వెంట మెజారిటీ వెళ్లిపోయినప్పుడు ఆ ఉత్తర్వుకు కాగితం విలువ మాత్రమే మిగులుతుంది.

సభలో వేసే ఓటు వేరు. అక్కడ విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. అందుకే విప్ ఇవ్వాలా వద్దా అన్నదే ఇప్పుడు పార్టీల లోపలి తగాదాలకు కేంద్రం అవుతోంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు బిజూ జనతాదళ్‌లో ఏం జరిగిందో మీరు చూసే ఉంటారు. బిల్లును వ్యతిరేకిస్తామని ముందు ప్రకటించిన పార్టీ, చివరి ఘడియల్లో రాజ్యసభ నాయకుడు సస్మిత్ పాత్ర ద్వారా సభ్యులు అంతరాత్మ ప్రకారం ఓటు వేయవచ్చని చెప్పింది. ఈ నిర్ణయం ఎవరిదని సొంత నాయకులే బహిరంగంగా నిలదీశారు. 1969లో అంతరాత్మను పిలిచినవారు పార్టీ నిర్ణయాన్ని ఓడించాలని పిలిచారు, 2025లో పిలిచినవారు పార్టీకి నిర్ణయమే లేకుండా చేయడానికి పిలిచారు. మొదటిదానిలో కనీసం ఎవరు ఎవరితో పోరాడుతున్నారో జనానికి తెలిసింది.

ప్రశ్న: మా నాన్నగారు మొదట జోడెడ్లకు, తర్వాత ఆవుదూడకు, ఆ తర్వాత చేతి గుర్తుకు ఓటు వేశారు. మనిషి మాత్రం చివరిదాకా ‘నేను కాంగ్రెస్‌నే’ అనేవారు. ఒకే పార్టీకి ఇన్ని గుర్తులు ఎందుకు మారాయి? అసలు కాంగ్రెస్ ఏది అని ఎవరు నిర్ణయించారు?
– గృహిణి, గుణుపురం

జవాబు: అమ్మా, మీ నాన్నగారు పార్టీ మారలేదు, పార్టీయే ఆయన చేతిలో రెండుసార్లు చీలింది.

రాష్ట్రపతి ఎన్నిక తర్వాత రాజీ ప్రయత్నాలు ఫలించలేదు. 1969 నవంబరు 1న ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ పేరుతో ఒకే రోజు రెండు సమావేశాలు జరిగాయి. ఒకటి ప్రధాని నివాసంలో, మరొకటి జంతర్ మంతర్ రోడ్డులోని పార్టీ కార్యాలయంలో. భవనం, రికార్డులు, అధ్యక్ష పదవి సిండికేట్ దగ్గర ఉన్నాయి. మనుషులు ఇందిర దగ్గర ఉన్నారు. అఖిల భారత కాంగ్రెస్ కమిటీకి ఎన్నికైన 705 మందిలో 446 మంది ఆ నెలలోనే ఆమె వర్గం ఢిల్లీలో జరిపిన సమావేశానికి హాజరయ్యారు.

గుర్తుల తగాదా తేల్చే అధికారం ఎన్నికల సంఘానికి 1968 నాటి గుర్తుల ఉత్తర్వులోని 15వ పేరా నుంచి వచ్చింది. ఆ పేరాకు మొదటి పెద్ద పరీక్ష ఇదే. పార్టీ సంస్థలోనూ చట్టసభల్లోనూ ఎక్కువమంది ఎవరి పక్షాన ఉన్నారో లెక్క చూసి, 1971 జనవరిలో సంఘం జగ్జీవన్ రామ్ అధ్యక్షుడిగా ఉన్న ఇందిర వర్గమే కాంగ్రెస్ అని తేల్చింది. అవతలి వర్గం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంతలో మార్చి ఎన్నికలు వచ్చిపడ్డాయి. వివాదంలో ఉన్న జోడెడ్ల గుర్తు ఎవరికీ దక్కకుండా ఆగిపోయి, ఇందిర వర్గానికి ఆవుదూడ, సిండికేట్ వర్గానికి రాట్నం వడికే స్త్రీ గుర్తులుగా వచ్చాయి. ఆవుదూడ 352 లోక్‌సభ స్థానాలు గెలిచింది, రాట్నం 16 దగ్గర ఆగిపోయింది. సాదిక్ అలీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘం నిర్ణయాన్ని సమర్థించినది 1971 నవంబరులో, అంటే ఓటర్లు ఎనిమిది నెలల ముందే తీర్పు చెప్పేశాక. జోడెడ్లు మళ్లీ బ్యాలెట్ కాగితం మీదికి రాలేదు.

రెండో చీలిక 1978 జనవరిలో వచ్చింది, అందులోనూ ఎదుటి పక్షాన నిలిచింది తెలుగువారే. అప్పుడు పార్టీ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి. ఇందిర విడిగా కాంగ్రెస్ (ఐ) పెట్టి హస్తం గుర్తు తీసుకున్నారు. మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు జరిగితే కాంగ్రెస్ (ఐ)కి 175 స్థానాలు, అధ్యక్షుడి సొంత రాష్ట్రమైనా ఆయన కాంగ్రెస్‌కు 30 స్థానాలు వచ్చాయి.

1995లో తెలుగుదేశంలోనూ వరుస ఇదే. పార్టీని పెట్టినవారు ఎన్.టి. రామారావు, ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు నాయుడి వెంట ఉన్నారు, సైకిల్ కూడా ఎక్కువమంది వెంటే వెళ్లింది. మహారాష్ట్రలో 2023 ఫిబ్రవరి 17న శివసేన పేరు, విల్లు–బాణం ఏక్‌నాథ్ షిండేకు ఇచ్చినప్పుడు ఎన్నికల సంఘం ప్రధానంగా చట్టసభ సభ్యుల మెజారిటీనే చూసింది. ఈ పద్ధతిలో మాకు ఒక అభ్యంతరం ఉంది. ఆ ఎమ్మెల్యేలను గెలిపించినదే ఆ గుర్తు. గుర్తుతో గెలిచినవారి తలలు లెక్కపెట్టి గుర్తు ఎవరిదో తేల్చడం, పంట కోసినవాడికే పొలం రాసిచ్చినట్టు ఉంటుంది. కాంగ్రెస్ కేసులో పార్టీ సంస్థ లెక్క కూడా పక్కనే ఉండబట్టి ఆ నిర్ణయానికి బలం వచ్చింది. ఆ రెండో లెక్క లేకుండా ఎమ్మెల్యేల జాబితాతోనే సరిపెట్టుకుంటే మీ నాన్నగారి వంటి కార్యకర్తకు అందులో చోటు ఉండదు.

ప్రశ్న: గిరిగారికీ సంజీవరెడ్డిగారికీ మధ్య వ్యక్తిగతమైన వైరం ఉండేదా?
– కళాశాల విద్యార్థి, ఛత్రపురం

జవాబు: ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన పోరు వారిది కాదు. కానీ దాని మరకలు ఇద్దరికీ అంటుకున్నాయి. ఎన్నికల సమయంలో సంజీవరెడ్డిగారి శీలాన్ని కించపరుస్తూ ఒక కరపత్రం పార్లమెంటు సభ్యుల మధ్య తిరిగింది. దాని ఆధారంగా గిరిగారి ఎన్నికను రద్దు చేయమని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడం దేశంలో అదే మొదటిసారి. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది. అయితే అటువంటి కరపత్రం పంచినవారిది ఏ అంతరాత్మో ఎన్నిక నెగ్గిన పక్షం ఎన్నడూ చెప్పలేదు. గిరిగారి జీవితంలో సూటి పోరాటాలకు కొదవ లేదు. 1937లో బొబ్బిలి రాజాను ఓడించారు, 1952లో మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు, 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. వాటన్నిటిలోనూ ప్రత్యర్థి ఎదురుగానే ఉన్నాడు. 1969లో మాత్రం ఆయన ఇద్దరు ప్రత్యర్థుల మధ్య ఉన్న మూడో మనిషి.

సంజీవరెడ్డిగారు ఆ పోటీ కోసం లోక్‌సభ స్పీకర్ పదవిని వదులుకున్నారు. 1971లో సొంత జిల్లా అనంతపురంలోనే ఓడిపోయి, సొంతూరు ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్క నంద్యాలను జనతా పార్టీ తరఫున గెలిచినవారు ఆయనే. అదే ఏడాది రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లకపోవడంతో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. 1980 జూన్‌లో గిరిగారు మద్రాసులో కన్నుమూసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సంజీవరెడ్డిగారే, ప్రధానమంత్రి పదవిలో ఇందిర మళ్లీ ఉన్నారు.

ప్రశ్న: మా ఊళ్లో ఒకే పార్టీకి చెందిన ఇద్దరు నాయకుల మధ్య మాటలు లేవు. ఎవరికి వారే జిల్లా అధ్యక్షుడినంటూ బస్టాండు దగ్గర పక్కపక్కనే ఫ్లెక్సీలు కట్టించారు. మా తెలుగు సంఘం ఉగాది ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ముందు వేయాలో తెలియక అచ్చు ఆపేశాము. దారి చెప్పగలరా?
– సంఘ కార్యదర్శి, రాయగడ

జవాబు: ఇద్దరి అనుచరుల సంఖ్యనూ లెక్కించే అవస్థ మీకు వద్దు. పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు సంతకం చేసిన నియామక పత్రం ప్రతిని ఇద్దరినీ అడగండి. తేదీ చూసి, తర్వాతి తేదీ ఉన్న పత్రానిదే చెల్లుబాటు అనుకోండి. ఇద్దరి దగ్గరా లేకపోతే పార్టీ హోదాలు వేయకుండా, ప్రజలు ఎన్నుకున్న పదవులు ఉన్నవారికి ఆ పదవులు మాత్రం వేసి, మిగిలినవారి పేర్లు అక్షరక్రమంలో అచ్చు వేయించండి. వారిద్దరి అసలు బలాబలాలు ఎన్నికల నాడు, నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలలోపు రిటర్నింగ్ అధికారికి అందే బి–ఫారం (తమ అభ్యర్థి ఎవరో పార్టీ తెలిపే పత్రం) మీద ఎవరి పేరు ఉన్నదన్న దానితో తేలిపోతాయి. అప్పటిదాకా వాళ్ల ఫ్లెక్సీల మీద సంఘం పేరు వాడుకోవద్దని ఇద్దరికీ ఉత్తరాలు రాయండి, అవి ఇద్దరికీ ఒకే రోజున అందేలా చూడండి. ఒకరికి సోమవారం, ఇంకొకరికి మంగళవారం అందితే దాని మీద మరో తగాదా మొదలవుతుంది.